పైలట్లకు ఎసరు పెట్టిన పైలట్

పద్నాలుగేళ్లు యుద్ధవిమానం నడిపినవాడికి కాళ్లు నేల మీద ఆనవంటే తప్పుపట్టేవాళ్లుండరు. ఆయన తల కూడా మబ్బుల్లోనే ఉండేది. ఒక వానరోజు కంట్రోల్ టవర్ నుంచి, "అడ్డగాలి బాగా ఉంది, దిగొద్దు. ఇంకో చుట్టు కొట్టు" అన్నారు. అప్పటికే దిగిపోయిన ముగ్గురు తోటి పైలట్లు కింద నిలబడి చూస్తున్నారు. వాళ్ల కళ్లముందు చుట్టు కొట్టడం నామోషీ అనిపించింది. దిగాడు. విమానం రన్‌వే దాటి బురదలోకి జారి ఒరిగిపోయింది. అది పాత ఇనుములోకి చేరింది, ఆయన ఆస్పత్రి మంచం మీదికి చేరాడు.

"వెన్నుపూస దెబ్బతింది. ఇక ఎగరకూడదు" అన్నాడు డాక్టరు.

"ఎగిరెగిరి పడకూడదు కూడా" అని చేర్చింది భార్య.

ఎనిమిది నెలలు పైకప్పు చూస్తూ గడిపాడు. కంప్యూటర్ పాఠాలు చెప్పే బావమరిది ఒక పాత లాప్‌టాప్ తెచ్చి పొట్ట మీద పెట్టాడు.

"దీంట్లో ప్రోగ్రాములు రాయడం నేర్చుకో బావా. తప్పు చేస్తే ఎర్రగీత వస్తుందంతే, ఎముకలు విరగవు."

మొదటి వారమంతా ఎర్రగీతలే. ఒక్క కామా మర్చిపోయినందుకు యంత్రం మొండికేస్తే ఆయనకు ఒళ్లు మండిపోయేది. తిట్టి మూసేవాడు, గంటలో మళ్లీ తెరిచేవాడు. కర్ర పట్టుకుని నడిచేనాటికి పని పట్టుబడింది.

నలభై మూడో ఏట ఒక కంపెనీలో ఉద్యోగం దొరికింది. పైలట్ లేకుండా ఎగిరే విమానానికి, దిగడం నేర్పే ప్రోగ్రామ్ రాయాలి.

"దిగడం మీరు నేర్పుతారా? దొంగచేతికి తాళాలిచ్చినట్టే ఉంది!" అంది భార్య.

మూడేళ్లకు పరీక్షరోజు వచ్చింది. రన్‌వే పక్కన రేకుల గదిలో తెరల ముందు అధికారులు కూర్చున్నారు. వాళ్లలో ఆయన పాత కమాండరూ ఉన్నాడు. ఆనాటి ప్రమాదం మీద విచారణ చేసి, 'తప్పంతా పైలట్‌దే' అని పన్నెండు పేజీల రిపోర్టు రాసింది ఆ పెద్దమనిషే.

సరిగ్గా అప్పుడే గాలి లేచింది. విమానం కిందికొచ్చి, నేలకు నాలుగు మీటర్ల ఎత్తులో ముక్కు పైకెత్తి వెళ్లిపోయింది. రెండోసారీ అంతే. కమాండర్ పకపకా నవ్వాడు.

"మీ పిట్టకు గుండెధైర్యం తక్కువేనోయ్!"

వయసులో సగముండే మేనేజర్ చెమటలు కక్కుతూ ఆయన చెవిలో గొణిగాడు. "సార్, దిగడానికి పెట్టిన గాలి హద్దు కాస్త పెంచేయండి. పరువు పోతోంది."

"పరువు కోసం దిగితే ఏమవుతుందో నా వెన్నుకు తెలుసు. ఓపిక పట్టు."

కీబోర్డు మీద చెయ్యి పెట్టలేదు. మూడోసారీ విమానం పైకే పోయింది. నాలుగో చుట్టుకు గాలి తగ్గింది. విమానం పువ్వు రాలినంత మెత్తగా దిగింది.

"నీకు లేని బుద్ధి దానికెలా పెట్టావయ్యా?" అన్నాడు కమాండర్.

"మీ రిపోర్టు ఉంది కదండీ. నా తప్పులన్నీ వరసగా రాశారు. అది పక్కన పెట్టుకుని రాసుకుంటూ పోయా."

కమాండర్ నవ్వబోయి ఆగిపోయాడు. ఆ విమానాలు కొనే ఆర్డరు మీద మాత్రం సంతకం పెట్టాడు.

మరుసటేడు ఆ విమానాలు రాగానే పైలట్లలో సగంమందిని తగ్గించారు. వాళ్లలో ముగ్గురిని కంప్యూటర్ పని నేర్చుకోమని ఈ కంపెనీకే పంపారు. మొదటిరోజే ఒకడు బల్ల గుద్ది, "మా కడుపు కొట్టినవాడెవడో కనపడితే పళ్లు రాలగొడతా!" అన్నాడు.

"నేనే" అన్నాడాయన. వాడి పక్కకే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

ఆ సాయంత్రం సంగతి విన్న భార్య ఆయన మొహాన్ని ఒకసారి పరీక్షగా చూసింది.

"కొట్టలేదా?"

"లేదు. వాడికేవో సందేహాలున్నాయట. రేపు గంట ముందే రమ్మన్నా."