మూడో అంతస్తులో మిరప పొగ

గుంటూరు మిర్చి యార్డులో యలమందయ్య ముక్కుకి ఉన్న పేరు యలమందయ్యకి లేదు. టిక్కీ బస్తాలోంచి గుప్పెడు కాయలు తీసి, ఒకటి విరిచి, ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇది వానకి తడిస్తే మళ్ళీ ఆరబెట్టిన సరుకు" అని ఆయన అన్నాడంటే, తెచ్చిన రైతు నేల చూపులు చూసేవాడు. ముప్పై ఏళ్ళు ఆ ముక్కు మీదే బతికాడు. అందరిలా దాని మీద కోపం కూడా పెట్టుకోలేదు, పనిముట్టు పాడైపోతుందని.

ఆ ముక్కు పనిచేయడం మానేసి నాలుగేళ్ళయింది. కరోనా రెండో విడతలో ఒకే వారంలో రెండు పోయాయి: బుధవారం వాసన, శనివారం భార్య మాణిక్యమ్మ. పిల్లలు లేరు. వాసన పోయిందని చెప్పుకుందామంటే వినడానికి ఆవిడ లేదు. ఇంకెవరికైనా చెబుదామంటే భయం. నాసిక నాసిరకమైందని తెలిస్తే ఏ కొట్టువాడు పనిలో ఉంచుకుంటాడు? అందుకని రంగు చూసి, విరిచినప్పటి చప్పుడు విని, నెట్టుకొస్తున్నాడు. ఒక్క ఘాటు మాత్రం ఇప్పటికీ తెలుస్తుంది. కళ్ళు మండుతాయి, తుమ్ములొస్తాయి. ఘాటుదీ వాసనదీ వేరువేరు దారులని డాక్టరు చెప్పాడు. ఒక దారి మూసేశారు, రెండోది తెరిచి ఉంచారు.

మొన్న ఒకరోజు పాలు పొంగి స్టవ్వు ఆరిపోయింది. గ్యాసు ఇల్లంతా నిండుతుంటే యలమందయ్య హాల్లో పేపరు చదువుతున్నాడు. తల తిరిగితే షుగర్ పడిపోయిందనుకుని బెల్లం ముక్క చప్పరించాడు. పాల కోసం లేచి వెళ్తే గానీ సంగతి తెలియలేదు. వంటింటి కిటికీ గడియ ఊడి, రెక్క తెరుచుకుని ఉండబట్టి బతికాడు. మర్నాడే వెళ్ళి విపత్తు శిక్షణలో పేరు రాయించుకున్నాడు.

బెజవాడ మునిగినప్పటి నుంచీ ఊళ్ళో ఒక స్వచ్ఛంద సంస్థవాళ్ళు ఆదివారాలు కల్యాణమండపంలో ఈ పాఠాలు చెబుతున్నారు. నగరంలో నిప్పో నీళ్ళో ముంచుకొస్తే ఎలా బతకాలో చూపిస్తారు. వచ్చినవాళ్ళలో సగం మంది పల్లెల్లో పత్తి పండించి వచ్చినవాళ్ళే. 'విపత్తు'లో మూడింట రెండొంతులు పత్తేనని వాళ్ళకి ఒకరు నేర్పనక్కర్లేదు. నేర్పేది లిడియా మేడం. ముప్పై ఐదేళ్ళుంటాయి, మైకు అక్కర్లేని గొంతు.

"పొగొస్తే నించోకూడదు, పాకాలి! పొగ పైకి పోద్ది, మనం కిందకి పోవాలి. లిఫ్టు ఎక్కితే ఏమవుద్ది?"

"పైకే పోతాం మేడం!" అన్నాడు వెనక వరసలోంచి బస్సు కండక్టరు అల్లాబక్షు.

"నువ్వు పో. మిగతావాళ్ళు మెట్లు దిగండి."

యలమందయ్య నవ్వాడు. పదిమందితో కలిసి ఒకే మాటకి నవ్వి చాలా రోజులైంది. తడిగుడ్డ ముక్కుకి కట్టుకున్నాడు, జంపఖానా మీద పాకాడు, రెగ్యులేటర్ తిప్పి చూపించాడు, రబ్బరు బొమ్మ గుండె మీద ముప్పైసార్లు నొక్కాడు. అల్లాబక్షు ఆయన్ని భుజాన వేసుకుని పది అడుగులు మోశాడు. "మీరు బరువు లేరు సార్, ఇంట్లో సరిగా తినట్లేదా?" అని అడిగాడు కూడా. ఆ ప్రశ్నని యలమందయ్య ఇంటికి తెచ్చుకుని రెండు రోజులు దాచుకున్నాడు.

మూడో ఆదివారం ముక్కు పరీక్ష. అందరూ కళ్ళు మూసుకోవాలి. తెర వెనక ఏదో కాలుస్తారు. వాసన తగలగానే చెయ్యెత్తాలి. యలమందయ్య కూడా కళ్ళు మూసుకున్నాడు. బట్టలు రెపరెపలాడిన చప్పుడైతే చేతులు లేచాయనుకుని తనూ ఎత్తాడు.

క్లాసయ్యాక లిడియా ఆయన్ని ఆపింది.

"ఇందాక కాల్చింది ఏంటి సార్?"

"గుడ్డ."

"కరెంటు వైరు. పైగా అందరూ దించాక మీరు ఎత్తారు."

"జలుబు మేడం."

"ఎన్నాళ్ళ నుంచి?"

"నాలుగేళ్ళ నుంచి."

ఆవిడ నవ్వలేదు. ఒక కాగితం చేతిలో పెట్టింది. "ఒంటరిగా ఉండేవాళ్ళు పక్కింటివాళ్ళలో ఒకళ్ళతో సంతకం పెట్టించుకురావాలి. ఏదైనా అయితే మీ తలుపు కొట్టేవాళ్ళు ఎవరని. మీకైతే ఇది మరీ ముఖ్యం. మీకు వాసన తెలీదని వాళ్ళకి చెప్పండి. మీ ముక్కు పని వాళ్ళ ముక్కు చెయ్యాలి. తెలిసిందా?"

తెలిసింది. చెప్పడమే తెలియలేదు.

యలమందయ్య ఉండేది అయిదంతస్తుల అపార్ట్‌మెంటులో. ఆ పేరు పెట్టినవాడు తెలిసే పెట్టాడు, ఎవరికి వాళ్ళు అపార్టే. మూడేళ్ళ నుంచీ ఎదుటి ఫ్లాటువాళ్ళు ఆయనకి వాళ్ళ గుమ్మం ముందు చెప్పుల్ని బట్టే తెలుసు. మడమ అరిగిన చెప్పులు రాజ్యం గారివి, మంగళగిరి చీరలు ఇంట్లోనే పెట్టి అమ్ముతుంది. పూసల చెప్పులు కోడలు ఉదయశ్రీవి. ఈమధ్య వాటి పక్కన బొటనవేలంత బూట్లు కూడా చేరాయి. ఆ బూట్లవాడికి వారానికి రెండుసార్లు దిష్టి తీస్తారు. ఎండుమిరపకాయలు, ఉప్పు చుట్టూ తిప్పి నిప్పులో వేస్తే అంతస్తంతా దగ్గుతుంది. ఎవరూ ఏమీ అనుకోరు. కాయ పండించే చోట కాయ కాలితే ఎవరికి వింత?

సోమవారం సాయంత్రం ఆయన కాగితం జేబులో పెట్టుకుని ఎదుటి బెల్లు కొట్టాడు. రాజ్యం తలుపు తీసి, వెలిగిపోతున్న ముఖంతో, "రండన్నయ్యగారూ! ఎవరికి? చెల్లెలికా, మేనకోడలికా?" అంది.

"అది కాదండీ, నేనొచ్చింది..."

"మొహమాటపడకండి, చూడ్డానికి డబ్బులడగను. ఇదిగో, ఈ నిజాం అంచు చూడండి."

గంట తర్వాత యలమందయ్య ఆకుపచ్చ చీరతో ఇంటికొచ్చాడు. బుధవారం మళ్ళీ వెళ్ళాడు. ఈసారి చెప్పి తీరాలనుకున్నాడు. ఆవిడ, "మొన్నటిది నచ్చిందా వాళ్ళకి?" అని అడిగింది. వాళ్ళెవరో లేరని చెప్పాలి, తర్వాత వాసన లేదని చెప్పాలి. ఒకే పూట ఇన్ని 'లేదు'లు నోటికి రాలేదు. వంగపండు రంగు చీరతో వచ్చాడు. నోరు విప్పడానికి వెళ్ళి చీర మడతలు విప్పించి రావడమే అయింది. కట్టుకునే మనిషి లేని రెండు చీరల్ని బీరువాలో పెట్టి, మాణిక్యమ్మకైతే ఏది నచ్చేదో చాలాసేపు ఆలోచించాడు. ఆకుపచ్చదే.

ఇక లాభం లేదని, మనుషుల్ని వదిలేసి మిరపకాయల్ని నమ్ముకున్నాడు. తనకి పొగ తెలియదు, ఘాటు తెలుస్తుంది. కాబట్టి వంటకి గిన్నె పెట్టినప్పుడల్లా స్టవ్వు అంచున నాలుగు తేజా కాయలు పెట్టాలి. గిన్నె మాడితే ముందు కాయలు కాలతాయి, ఘాటు వచ్చి తట్టి లేపుతుంది. కాపలా కాయడానికి కాయలే! ఈ తెలివికి ఆయన తన భుజం తనే తట్టుకున్నాడు. తట్టడానికి ఇంకో చెయ్యి అందుబాటులో లేదు.

శనివారం సాయంత్రం పప్పు పొయ్యి మీద పెట్టి, కుర్చీలో కూర్చుని కునుకు తీశాడు. ఎవరో గొంతులో కారం కూరినట్టయి లేచాడు. వంటింట్లో నల్లటి పొగ. గిన్నె పట్టుకునే గుడ్డ అంటుకుని, కాయలు ఎర్రగా రాజుకుంటున్నాయి. చేతులు వాటంతటవే పాఠం అప్పజెప్పాయి: రెగ్యులేటర్ కట్టేశాడు, బకెట్లో తువ్వాలు ముంచి మంట మీద కప్పాడు, ఇంకో గుడ్డ ముక్కుకి అదిమి పట్టుకుని పాక్కుంటూ గుమ్మం దాటాడు. మెట్ల మీద కూలబడి, ప్రాణం పోయేలా దగ్గాడు.

అంతస్తు మొత్తం దగ్గింది. ఒక్క తలుపూ తెరుచుకోలేదు. తెరిచి ఉన్న రెండు కిటికీలు కూడా టపటపా మూసుకున్నాయి. పక్క ఫ్లాటులోంచి ఎవరిదో మగగొంతు కేకేసింది.

"దిష్టికి అన్ని కాయలా అండీ! ఇంత ఘాటొచ్చిందంటే అసలు మీకు దిష్టే తగల్లేదు!"

దిష్టి తగిలి ఉంటే కాయలు కాలినా ఘాటు రాదని అందరికీ తెలిసిందే. నిజమే, అనుకున్నాడు యలమందయ్య కళ్ళు తుడుచుకుంటూ. తనని చూసి కళ్ళు కుట్టేవాడు ఎవడున్నాడు? అసలు చూసేవాడెవడున్నాడు? లోపల మనిషి కాలిపోతున్నా ఈ ఊళ్ళో పైకి వచ్చేది మిరపకాయ ఘాటే అయితే, అందరూ దిష్టి తీస్తున్నారనుకుని కిటికీ వేసుకుంటారు. కాపలా పెట్టిన కాయలే సాయం రాకుండా అడ్డం పడుకున్నాయి. రెండో మెట్టు మీద ఆయన మోకాళ్ళ మధ్య తల పెట్టుకున్నాడు.

ఎదుటి తలుపు గడియ తీసిన చప్పుడైంది. రాజ్యం చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

"అన్నయ్యగారూ, ఎవరొచ్చారు మీ ఇంటికి?"

"ఎవరూ రాలేదండీ."

"మరి దిష్టి ఎవరు తీశారు? తనకి తను తీసుకునేది కాదుగా అది! లోపల కూచుంటే అదే అనుమానం. ఒక్కడే ఉండే మనిషికి తిప్పేదెవరూ అని."

యలమందయ్య తలెత్తాడు. దగ్గొకటి వచ్చి మాటని బయటికి తోసేసింది. "దిష్టి కాదండీ. పప్పు మాడింది. నాకు వాసన తెలీదు. నాలుగేళ్ళుగా ఏ వాసనా తెలీదు. గ్యాసు లీకైనా తెలీదు."

"ఓరి దేవుడో! మిర్చి యార్డులో చేస్తూ వాసన తెలీకపోవడమేంటండీ!" రాజ్యం గొంతు కింద వాచ్‌మన్ దాకా వెళ్ళింది. "ఉదయశ్రీ! ఫ్యాను పట్రా! పాపం, ఈయనకి వాసన రాదంట!"

టపటపా కిటికీలు తెరుచుకున్నాయి. నాలుగేళ్ళు దాచిన మాట నాలుగు నిమిషాల్లో అయిదంతస్తులూ ఎక్కి దిగింది. సోమవారానికి యార్డులోనూ దిగుతుంది. యజమాని ఏమంటాడో యలమందయ్యకి కొంత తెలుసు, కొంత తెలియదు. పొగ మెట్ల మీదుగా పైకి పోతోంది. రాజ్యం ఇంకా ఏదో అడుగుతూనే ఉంది. ఆయన జవాబులు చెబుతూనే ఉన్నాడు. కాగితం గుర్తొచ్చి తీసి ఇస్తే, ఆవిడ చదవకుండానే గోడకి ఆనించి సంతకం పెట్టి, "ఇకనుంచి రోజూ అడుగుతా, ఏమీ అనుకోకూడదు" అంది.

ఆదివారం రాత్రి యలమందయ్య హోటల్లో ఇడ్లీ తినొచ్చాడు. మాడిన వంటింట్లోకి వెళ్ళబుద్ధి కాలేదు. రేపు యజమాని ముందు ఎలా నిలబడాలో ఆలోచిస్తూ హాల్లో కూర్చున్నాడు. ఎనిమిదిన్నరకి ఎదుటి ఫ్లాటులోంచి, రెండు తలుపులూ దాటుకుని, కేక వచ్చింది.

"అన్నయ్యగారూ! గ్యాసు కట్టేశారా?"

ఆ రోజు ఆయన స్టవ్వు ముట్టుకోనే లేదు. అయినా లేచి వంటింట్లోకి వెళ్ళి, రెగ్యులేటర్‌ని ఒకసారి తెరిచి, మళ్ళీ కట్టేసి, గొంతు సవరించుకున్నాడు.

"కట్టేశానండీ!"