మాజీ ప్రధానికి ఎండపొద్దు

వాల్మోరా చిన్న దేశం. ఐరోపా కొండల నడుమ, మన రంగారెడ్డి జిల్లాలో సగం కూడా ఉండదు. దాని ప్రధాని అంతోన్ రెసెల్ 1999 ఏప్రిల్‌లో మాదాపూర్ వస్తున్నాడని తెలియగానే, ఆ దేశంతో ఒప్పందానికి ఎదురుచూస్తున్న ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీలో హడావుడి మొదలైంది. అక్కడి భాష జర్మన్ వచ్చిన ఉద్యోగిని రూబీకి ఆయన జీవితాన్ని తెలుగులో రాసే పని పడింది. గని కూలీ కొడుకు, బడిపంతులు, మేయరు, పదకొండేళ్లుగా ప్రధాని. రాస్తూ రాస్తూనే ఆమెకు ఆయన మీద భక్తి కుదిరింది.

బేగంపేటలో దిగిన రెసెల్ పక్కన దుబాసీగా కారెక్కింది.

"మీకు ముందు ప్రధాని, మిమ్మల్ని చేరదీసిన హూబర్ట్ గారి గురించి చెబుతారా?" అని అడిగింది.

"మంచివాడు. గుండె ఆపరేషన్‌కి పొరుగుదేశం వెళ్లాడు. మత్తు వదిలేసరికి ఆయన కుర్చీలో నేనున్నాను."

"బాధపడలేదా?"

"పడ్డాడు. ఆ ఏడే పోయాడు. సంతాపసభలో నేనే మాట్లాడాను. చాలా బాగా మాట్లాడానన్నారు."

రూబీ రాసిన జీవితంలో ఈ ముక్క లేదు.

కంపెనీ కొత్త భవనం ప్రారంభానికి వేసిన షామియానా కింద ఆయనకు దండలు పడ్డాయి. రిబ్బను కత్తిరించేలోగా రెసెల్ కార్యదర్శికి ఫోనొచ్చింది. అతను విని, తన దొర వంక ఓసారి చూసి, దూరంగా వెళ్లి కూర్చున్నాడు. కాసేపటికి జనరల్ మేనేజర్ పార్థసారథి రూబీని వేదిక వెనక్కి పిలిచాడు.

"వాళ్ల పార్టీ ఈయన్ని దించేసిందట. క్లారా అనే మంత్రి ప్రధాని అయ్యింది. ఇక ఒప్పందం మీద సంతకం పెట్టేది ఆవిడేనండీ. ఈయనతో మన ఫొటో ఒక్కటి బయటికెళ్లినా కొంప మునుగుతుంది. వేదిక మీంచి దించెయ్యండి."

"నేనా సార్?"

"ఆ భాష వచ్చింది మీకే కదండీ."

రూబీ వెళ్లి చెవిలో చెప్పింది.

"క్లారానా?" అన్నాడు రెసెల్. "టైపు కొట్టుకునే పిల్లని తెచ్చి మంత్రిని చేశానే!"

కార్యదర్శి వచ్చి చెయ్యి చాచాడు. "మీ జేబులో ఫోను ప్రభుత్వానిదండీ." రెసెల్ ఇచ్చేశాడు. పార్థసారథి ఆయన మెడలోని గులాబీ దండ తీయించి, రిబ్బను కత్తిరించడానికి లేచిన ఛైర్మన్ భార్య పుణ్యవతి మెడలో వేయించాడు. జనం చప్పట్లు కొట్టారు.

రూబీ రెసెల్‌ని గేటు దాకా తీసుకొచ్చింది. అక్కడ డ్రైవర్ మొగిలి తల గోక్కున్నాడు. "కారు లోపల పెట్టుమన్నరు మేడమ్. మరి ఈ సాబ్‌ను ఏం జేయాలె?"

"ఆటో ఎక్కించు."

"గీ గుట్టలల్ల ఆటో ఏడ దొర్కుతది? ముసలాయన ఎండకు పరేషాన్ అయితుండు."

రెసెల్ ఆమె చేతిని పట్టుకున్నాడు. "నా జీవితం రాశావు. ఆటో దొరికేదాకా నాతో ఉండు."

"లోపల పనుంది," అంటూ రూబీ చెయ్యి విడిపించుకుంది. హూబర్ట్‌ని ముంచినవాడికి ఈ శాస్తి కావలసిందే అనుకుంది. హూబర్ట్ కథ విననట్టయితే ఉండేదా? ఉండేది కాదని ఆమెకు తెలుసు.

ఆయన బండరాళ్ల మధ్య మట్టిరోడ్డు పట్టుకుని, కోటు చేత్తో మోసుకుంటూ నడిచి వెళ్లాడని మొగిలి తర్వాత చెప్పాడు.

వానాకాలంలో క్లారా వచ్చింది. ఆమె జీవితం కూడా రూబీయే రాసింది. రెసెల్ పేరున్న పేరాని పార్థసారథి కొట్టేస్తే, "స్వయంకృషితో ఎదిగారు" అని అతికించింది. కార్లో క్లారా అది జర్మన్‌లో చెప్పించుకుని మురిసిపోయింది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది.

"ఆ రోజు నువ్వే పక్కనున్నావట. ఏడ్చాడా?"

ఆయన ఏడవలేదు.

"ఏడ్చారండీ," అంది రూబీ.

"ఎలా?"

రూబీ సర్దుకుని కూర్చుని, మొదలుపెట్టింది.