చేపలు ఎవరు వండుతున్నారు?

మీ దగ్గర దాపరికం దేనికి? ఈ పరాయి ఊళ్లో నేను ఏ వాసన గురించీ నోరెత్తను. వచ్చిన కొత్తలో మా వంట వాసన మెట్ల దాకా కొడుతోందని ఎవరో బిల్డింగ్ గ్రూపులో రాశారు. ఆ దెబ్బకి, ఎవరింట్లో ఏం మాడినా నాకు జలుబే.

మా వదిన అలా కాదు. అన్నయ్యతో, నెలల పాపతో నా దగ్గర దిగిన రోజే ఊరికి మార్కులు వేయడం మొదలుపెట్టింది. లిఫ్టులో తడిసిన కుక్క. రైల్లో కాలిన ఇనుము. పక్కింట్లో మాడిన కాఫీ.

"మీ ఊళ్లో మనుషులు పలకరించరు గానీ, వాసనలు మాత్రం ఎదురొచ్చి మరీ పలకరిస్తున్నాయే!" అంది.

చలి మొదలైన శనివారం మధ్యాహ్నం, అన్నయ్య డ్యూటీకి వెళ్లాడు. పాప పడుకున్న గదిలో చిన్న హీటర్ పెట్టాం. కాసేపటికి వదిన ముక్కు ఎగబీల్చింది.

"ఏమ్మా ఆడపడుచూ, చేపలు తెచ్చావా?"

"నేనెక్కడ తెచ్చాను? కింద నర్సు గారు వండుతున్నట్టున్నారు."

నర్సు గారూ మాలాగే ఇంకో దేశం నుంచి వచ్చినావిడే.

"వండటమా అది? చేపలు చచ్చి ఎన్నాళ్లయిందో! వెళ్లి చెప్పిరా."

"అమ్మో, నా వల్ల కాదు. రేపు ఆవిడ మన వంట గురించి అంటే?"

"నీ మర్యాద తగలెయ్యా!" అంటూ వదిన హాల్లో కిటికీ తెరిచింది. పాపకి వాసన తగలకూడదని ఆ గది తలుపు మూసేసింది. నేను ల్యాప్‌టాప్‌లో తల దూర్చాను.

రెండు గంటలయ్యాక బెల్ మోగింది. తలుపు తీస్తే నర్సు గారు, నిద్ర కళ్లతో.

"ఏమీ అనుకోకండి. చేపలు వండుకోవద్దని కాదు... కాస్త కిటికీ తీసి వండుకుంటారా?"

"మేమా? వండుతోంది మీరు కదా?"

"నేను పొయ్యే వెలిగించలేదు!"

ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. వదినకి తెలుగులో చెప్పేలోపే, మా మొహాలు చూసి తను ఆ గది వైపు పరిగెత్తింది.

ఉయ్యాల వెనక హీటర్ ప్లగ్ నల్లగా కరిగి గోడ మీదకి కారుతోంది. సన్నగా పొగ. నేను మెయిన్ ఆపేశాను. వదిన పాపని లాక్కుని బయటికొచ్చింది.

"లేవట్లేదేంటే! ఇది లేవట్లేదే!"

నర్సు గారు పాపని అందుకుని, మెట్ల మీదే కూర్చుని అరికాలు గట్టిగా రుద్దారు. ఒకసారి. మళ్లీ. పాప దగ్గింది, తర్వాత బిల్డింగంతా వినిపించేలా ఏడ్చింది. వదిన గోడకి జారబడిపోయింది.

ఆ ప్లగ్ లోపలి ప్లాస్టిక్ వేడెక్కితే చేపల వాసన వస్తుందట. పిలిస్తే వచ్చిన ఎలక్ట్రీషియన్ ఆ సంగతి చెప్పి, నన్నేదో అడిగాడు.

"ఏమంటున్నాడు?" అంది వదిన.

"వాసన ఎప్పట్నుంచి వస్తోందని."

"చెప్పు మరి."

"మధ్యాహ్నం నుంచి" అన్నాను. అతను నోరు తెరుచుకుని మా ముగ్గురి వంకా చూశాడు. వదిన పాపని నా చేతికి ఇవ్వలేదు. ఇంకా ఇవ్వడం లేదు.

మీరూ ఏదైనా వాసనని ఇలాగే పక్కింటివాళ్ల ఖాతాలో వేసేశారా? ఆ తర్వాత ఏమైంది? కింద రాయండి. నేనొక్కదాన్నే కాదని తెలిస్తే కాస్త నిద్ర పడుతుందేమో.