పిక్కలు బిగించే బూట్లు

"ఇంట్లో తిరిగేదీ నడకేగా! దానికోసం మళ్ళీ వీధులు పట్టుకు తిరగడం ఎందుకు?" అంటూ భర్త అట్టపెట్టె మూత తీశాడు. ఆమె గిన్నెలు తోముతోంది, చేతుల నిండా నురగ. పెట్టెలో తెల్లటి బూట్లు, అడుగుభాగం పడవలా గుండ్రంగా ఉంది. తొడుక్కుని ఊరికే నడిస్తే చాలట. పిక్కలు బిగుస్తాయట, తొడలు తగ్గుతాయట, పోయిన నడుము దానంతటదే తిరిగొస్తుందట. "వంటింట్లో తిరిగినా పనిచేస్తాయని రాశారు, చూడు," అని పెట్టె మీది బొమ్మ చూపించాడు. బొమ్మలో ఒకావిడ నడుం నుంచి కిందికి మాత్రమే ఉంది. తల వెయ్యడం అనవసరం అనుకున్నారు కాబోలు.

"మంచి పని చేశావురా," అన్నారు హాల్లోంచి అత్తగారు. "ఇక ఆ సాయంత్రం అరగంట కూడా ఇంటిపట్టునే ఉంటుంది."

ఆ అరగంట తప్ప ఆమెకి సొంతమంటూ ఏమీ లేదు. పగలంతా బట్టలు సరిచేసే దుకాణంలో పని. ఒకరి ప్యాంటు పొట్టి చెయ్యాలి, ఒకరి కోటు వదులు చెయ్యాలి. ఇంటికొస్తే నా సాక్సులెక్కడ, నా మాత్రలెక్కడ, ఇవాళ కూరలో ఉప్పు ఎక్కడ. ఆ రెంటికీ మధ్య కాలువ గట్టు మీద నడక. అక్కడ ఆమెని ఎవరూ పిలవరు. నీళ్ళలో అవతలి మేడల దీపాలు ఒక్కొక్కటే వెలుగుతాయి, గాలికి చెదిరి మళ్ళీ కూడుకుంటాయి. నడుస్తూ నడుస్తూ ఉండగా తానెవరి భార్యో, రేపు ఏం వండాలో మెల్లగా జారిపోతాయి. కాళ్ళు ముందు వెళుతున్నట్టూ, తాను తీరిగ్గా వాటి వెనక వస్తున్నట్టూ ఉంటుంది. ఒక్కోసారి ఆమె నోరు తెరిచి ఏదో కూనిరాగం తీస్తుంది కూడా, అది ఎక్కడ విన్నదో ఆమెకే తెలియదు.

భర్త ఆమె మెళ్ళో ఉన్న టేపు తీసుకుని కాళ్ళ దగ్గర గొంతుక్కూర్చున్నాడు. ఊళ్ళో సగం మందికి కొలతలు తీసిన మనిషే గానీ, తన కొలత ఒకరు తీయడం ఆమెకి అదే మొదలు. పంతొమ్మిదేళ్ళ కాపురంలో ఆయన తన పాదాల దగ్గర కూర్చోవడం కూడా అదే మొదలు. ఆయన వేళ్ళు పిక్కకి తగిలినప్పుడు, పిచ్చిది, ఒక్క క్షణం కరిగిపోయింది. ఆయన "పద్నాలుగు!" అని కేకేసి, వెళ్ళి క్యాలెండరు మీద రాసుకున్నాడు.

ఆ రోజునుంచి ఇల్లు ఊగడం మొదలుపెట్టింది. పొయ్యి దగ్గర్నుంచి సింకుకి, సింకు దగ్గర్నుంచి బల్లకి ఆమె ఊగుతూ వెళ్ళేది. గోడలు నెమ్మదిగా వంగి మళ్ళీ లేచేవి, కిటికీలో ఆకాశం ఒకసారి ఎక్కువగా, ఒకసారి తక్కువగా కనిపించేది. ఎటో ప్రయాణం చేస్తున్నట్టే ఉండేది, కళ్ళు తెరిస్తే మళ్ళీ అదే పొయ్యి. సాయంత్రాలు మాత్రం చల్లగా మాయమైపోయాయి. చెప్పులు వేసుకోబోతే చాలు, "బూట్లున్నాయిగా అమ్మాయ్," అనేవారు అత్తగారు.

దుకాణానికీ అవే వేసుకెళ్ళమన్నాడు భర్త. ప్యాంటు కుట్టించుకోడానికి వచ్చిన ఫిజియోథెరపీ డాక్టరమ్మ వాటిని చూసి నవ్వింది.

"ఇవి నిజంగా పనిచేస్తాయా మేడం?" అని అడిగింది ఆమె, ప్యాంటు అంచుకి గుండుసూదులు పెడుతూ.

"పరీక్షలు చేసి చూశారమ్మా. మామూలు బూట్లకంటే కండరాలేమీ ఎక్కువ కష్టపడలేదట. ఊగుతుంటే ఏదో జరుగుతోందని మనకనిపిస్తుంది, అంతే. నడిస్తే మంచిదే. చెప్పుల్తో నడిచినా మంచిదే."

ఆ మాట ఆమె ఎవరికీ చెప్పకుండా దాచుకుంది. క్యాలెండరు మీద అంకె తగ్గకపోతే బూట్లు మూలపడతాయి, తన అరగంట తనకొస్తుంది. భర్త మళ్ళీ కొలుస్తానన్న ఆదివారం కోసం వేయి కళ్ళతో ఎదురుచూసింది.

ఆదివారం వచ్చింది. కొత్త టేపు దుకాణంలో ఉండిపోవడంతో భర్త బొత్తాల డబ్బా వెతికి పాత గుడ్డ టేపు లాగాడు. పిక్క చుట్టూ వేసి చూసి, ఎగిరి గంతేసినంత పని చేశాడు. "పదమూడున్నర! అమ్మా, అరంగుళం తగ్గింది!"

ఆ టేపు సంగతి ఆమెకి తెలుసు. ఏళ్ళ తరబడి లాగీ లాగీ సాగిపోయింది. ఎవరో చీటీ మీద రాసి పంపిన కొలతలకి దాంతో కోటు కుడితే చేతులు రెండూ పొడుగొచ్చాయి. ఆ రోజే దాన్ని డబ్బాలో పడేసింది. సాగిన టేపు దేన్నైనా తక్కువే చూపిస్తుంది.

"చెప్తే విన్నావా? ఇక గట్టు మీద నడకతో పనేముంది!" అన్నారు అత్తగారు. భర్త గెలిచినవాడిలా చూస్తున్నాడు.

టేపు సాగిందండీ అంటే చాలు. నాలుక చివరిదాకా వచ్చింది. అక్కడే ఆగింది. బూట్లు పోతాయి సరే, రేపు నిజంగానే పనిచేసేదేదో తెస్తే? అప్పుడేం చెప్పాలి? రెండేళ్ళ కిందట ఈ నడకకి అనుమతి అడిగినప్పుడు "బరువు తగ్గుతానండీ," అన్నది తానే. ఊరికే వెళ్ళొస్తానంటే సవాలక్ష ప్రశ్నలు. సన్నబడతానంటే మాత్రం "ఇప్పటికైనా బుద్ధొచ్చింది," అని ఆయనే తలుపు తీశాడు. కొరివితో తల గోక్కుంది తానే. ఆయన మొదటినుంచీ కొలుస్తున్నది తానిచ్చిన అబద్ధాన్నే.

ఆమె కుర్చీలో కూర్చుని బూట్ల తాళ్ళు విప్పింది. పాదాలు నేలకి ఆనగానే ఇల్లు ఊగడం మానేసింది. గోడలు గోడల్లా నిలబడ్డాయి. లేచి చెప్పులు వేసుకుంది.

"తగ్గిందని చెప్తుంటే ఎక్కడికి?" అన్నాడు భర్త.

"తగ్గనీండి, పెరగనీండి. నేను వెళ్ళేది సన్నబడడానికి కాదు," అంది ఆమె తలుపు తీస్తూ. "మీరెవరూ లేనిచోట కాసేపు బతకడానికి."