పిల్లల ఏడుపులు తగిలించే గది

ఆదివారం ఉదయం అందరికంటే ముందు వచ్చి చర్చి కింది గది తెరవడం, చాపలు పరవడం, విరిగిన క్రేయాన్లు ఏరి డబ్బాలో వేయడం పొడుగుపిల్ల పని. ఆమెకి పదహారేళ్లు. ఆ వయసు పిల్లలు పైన ఆరాధనలో కూర్చుని ఆవలించే బదులు కింద చిన్నపిల్లల్ని చూసుకోవాలని పాస్టరుగారు పెట్టిన ఏర్పాటు అది. ఆ ఏర్పాటు ఎవరికీ నచ్చలేదు. తల్లులు మూతులు ముడిచారు. సండే స్కూలు నడిపే పెద్దటీచరు అయితే మొదటిరోజే తేల్చి చెప్పింది.

"వీళ్ల ముక్కులే వీళ్లు తుడుచుకోలేరు. వీళ్లకి పసిపిల్లల్ని అప్పగించాలా?"

అసలు పని గుమ్మం దగ్గర ఉండేది. వచ్చిన పిల్లని నిలబెట్టి, చొక్కా విప్పినట్టు భుజాల దగ్గర పట్టుకుని మెల్లిగా లాగితే ఏడుపు ఊడి చేతికొస్తుంది. దాన్ని గోడ కొక్కేనికి తగిలించాలి. ఏ పిల్లది ఏ కొక్కెమో తెలియడానికి పైన కుందేలు, తాబేలు, పడవ బొమ్మలు అంటించి ఉన్నాయి. ఆరాధన అయ్యాక ఎవరి ఏడుపు వాళ్లకి తొడిగి పంపాలి. మరిచిపోతే ప్రమాదం. ఒకసారి ఒక బాబు ఏడుపు లేకుండానే ఇంటికి వెళ్లి, చెవిలో చీము పట్టినా కిక్కురుమనకుండా వారమంతా ఆడుకున్నాడు. ఇంకో నియమం, పిల్లల ఏడుపు పెద్దవాళ్లు తొడుక్కోకూడదు. అది మర్యాద కాదు.

చాలా ఏడుపులు జేబురుమాలంత తేలిక. పడవ బొమ్మ కింద తగిలించేది మాత్రం తడిసిన దుప్పటంత బరువు. దాని కొక్కెం ఎప్పుడూ ఊడి వచ్చేది. అది పిచ్చుకది. పిచ్చుకకి నాలుగేళ్లు, పెద్దటీచరు మనవరాలు. తల్లి నర్సు. ఆమెకి ఆదివారం కూడా డ్యూటీయే కాబట్టి పిల్లని నాయనమ్మే తెచ్చేది. వెళ్లేటప్పుడు ఆ ఏడుపుని పిల్లకి తొడగకుండా మడిచి, హ్యాండుబ్యాగులో కుక్కి, జిప్పు లాగేది.

"దారిలో గోలెందుకు? ఇంటికెళ్లాక వేస్తాలే."

ఒక ఆదివారం పొడుగుపిల్ల రెండు చేతుల్తో నీళ్ల గ్లాసుల ట్రే పట్టుకుని గోడ పక్కనుంచి వస్తుంటే పడవ కొక్కెం మళ్లీ ఊడింది. ఏడుపు కింద పడకుండా ఆమె భుజం అడ్డం పెట్టింది. అది ఒళ్లంతా చుట్టుకుంది. ఆమె నోట్లోంచి నాలుగేళ్ల గొంతు బయటికొచ్చింది.

"నాయనమ్మా, తలుపు తియ్యి. చీకటిగా ఉంది. ఇంక అల్లరి చెయ్యను, తలుపు తియ్యి."

ఆమెతోపాటు పిల్లల్ని చూసుకునే గిటారు కుర్రాడు పాట నేర్పుతూ ఆగిపోయాడు. పిల్లలెవరూ తల తిప్పలేదు, ఏడుపు వాళ్లకి కొత్తా? పిచ్చుక మాత్రం చాప అంచు పీకుతూ, "స్టోర్‌రూం," అంది, ఎవరో అడిగితే జవాబు చెప్పినట్టు.

పొడుగుపిల్ల ట్రే కింద పెట్టి ఏడుపుని విప్పింది. పెద్దటీచరు రాగానే అడిగేసింది. "పాపని స్టోర్‌రూంలో పెడుతున్నారా అండీ?"

"దాని ఏడుపు తొడుక్కున్నావా?"

"కింద పడబోతుంటే..."

"సిగ్గులేదూ? ఇంకొకళ్ల పిల్ల ఏడుపు ఒంటిమీద వేసుకుంటావా? మీ అమ్మ నేర్పిన బుద్ధులేనా ఇవి?" పెద్దటీచరు గొంతు పెంచలేదు. ఆవిడకి ఆ అవసరం ఎప్పుడూ రాలేదు. "వచ్చే ఆదివారం ఒక్కటీ చెయ్యి. ఆ తర్వాత ఈ గుమ్మం తొక్కావంటే ఊరుకోను."

ఆవిడ వెళ్లాక గిటారు కుర్రాడు విసుక్కున్నాడు. "నోరు మూసుకుని ఉండొచ్చుగా. ఇప్పుడు నన్నూ పీకేస్తుంది."

"పాస్టరుగారికి చెబితే?"

"ఆవిడ ఎదురుగా తుమ్మాలన్నా ఆయన పర్మిషన్ అడుగుతాడు. నీ మాట వింటాడా?"

మరుసటి ఆదివారం పిచ్చుక ఏడుపు మరింత బరువెక్కింది. పిల్ల చేతి మీద, మోచేతి పైన, వేళ్ల గుర్తులు నల్లగా కమిలి ఉన్నాయి. ఇంకో గంటలో ఈ ఏడుపు బ్యాగులోకి పోతుంది. వచ్చేవారం ఇక్కడ ఉండేవాళ్లు దాన్ని తూచనైనా తూచరు. పొడుగుపిల్లకి ఆ గంటసేపూ వేరే ఆలోచన లేదు.

ఆరాధన ముగిసింది. మెట్ల మీద బూట్ల చప్పుడు. ముందు వచ్చింది నర్సు, రాత్రి డ్యూటీ నుంచి నేరుగా, యూనిఫాంతోనే. వెనకాలే అత్తగారు.

"ఇదిగో, ఈ పిల్లే," అంది పెద్దటీచరు.

"పోయిన ఆదివారం నా కూతురి చెయ్యి నలిపింది నువ్వేనా?" నర్సు కళ్లు నిద్రలేక ఎర్రగా ఉన్నాయి. "మాట్లాడవేం? పసిదాని మీదా నీ ప్రతాపం?"

"నేను కాదండీ."

"మరెవరు?"

"చెబితే నమ్మరు."

గుమ్మం దగ్గర మూగిన తల్లుల్లో ఒకామె అందుకుంది. "మేం ముందే మొత్తుకున్నాం. పిల్లల చేతికి పిల్లల్నిచ్చారు."

"అబద్ధాలు కూడా మొదలెట్టింది," అంది పెద్దటీచరు. బ్యాగు జిప్పు లాగి దాని నోరు తెరిచి పట్టుకుంది. "అది ఇలా పడెయ్, పోతాం."

పొడుగుపిల్ల పడవ కొక్కెం నుంచి ఏడుపుని రెండు చేతులా దించింది. బ్యాగు ముందు నుంచి దాటుకుని వెళ్లి, నర్సు భుజాల మీద వేసింది.

"ఏయ్!" అంటూ నర్సు కొట్టడానికి చెయ్యెత్తింది. చెయ్యి అలాగే ఉండిపోయింది. ఆమె గొంతులోంచి కూతురి గొంతు వచ్చింది.

"చెయ్యి వదులు నాయనమ్మా, నొప్పి. అమ్మకి చెప్పను. తలుపు వెయ్యకు. అమ్మ పడుకుంది కదా, నేను చప్పుడు చెయ్యను. అస్సలు చెయ్యను."

తల్లులు పక్కకి తప్పుకున్నారు. ఏడుపు పూర్తయ్యేదాకా ఎవరూ కదల్లేదు. మధ్యలో ఆపడం బాగుండదని అందరికీ తెలుసు.

చివరికి పెద్దటీచరే అంది. "నీ కోసమే కదా చేసింది? 'పగలు నేను పడుకుంటే చీమ చిటుక్కుమనకూడదు' అన్నది నువ్వు కాదూ?"

నర్సు ఏడుపుని తన ఒంటి మీంచి కష్టంగా తీసింది. మోకాళ్ల మీద కూర్చుని పిచ్చుకకి తొడిగింది, భుజాల దగ్గర సర్దింది. లేచి పొడుగుపిల్ల వైపు తిరిగినప్పుడు కూడా ముఖంలో మెత్తదనమేం లేదు.

"తెలిసిన రోజే నా దగ్గరికి రావాలి కదా."

"మీరెక్కడుంటారో నాకేం తెలుసండీ? మీరెప్పుడూ రారు."

నర్సు పిల్లని ఎత్తుకుని మెట్లెక్కింది. గేటు దగ్గర ఇంటివైపు కాకుండా ఎదురువైపు తిరిగింది.

"అటెక్కడికి?" అత్తగారు వెనకనుంచి అరిచింది. "నిన్నే!"

ఆ అరుపు వినగానే పిచ్చుక పెదాలు వణికాయి. గబుక్కున రెండు చేతుల్తో నోరు మూసుకుంది. నర్సు రోడ్డు మీదే ఆగి, ఆ చేతుల్ని ఒక్కొక్కటిగా తీసింది.

"ఏడువమ్మా," అంది. "గట్టిగా ఏడువు. నాకు నిద్ర రావడం లేదు."