ఆంప్లిఫైయర్ మీద శాలువాలు

సకల జనుల సమ్మె సాగుతున్న రోజులు. రేగొండలో సభ. మైకుసెట్టు మరో సభకు తరలిపోవడంతో, నాయకుడు విక్రమ్‌రావు నీలి తెచ్చుకున్న గిటారు ఆంప్లిఫైయర్‌కే మైకు తగిలించి మాట్లాడుతున్నాడు. నీలి లంబాడీ తండా పిల్ల. తన భాషలో తాను కట్టిన పాటను తొలిసారి నలుగురిలో పాడాలని వచ్చింది. వినడానికి తల్లి రామి, తండా ఆడవాళ్ళూ వచ్చారు. నాలుగింటికి వాళ్ళ ఆటో కదులుతుంది. అప్పుడే మూడుంబావు దాటింది.

'రెండే ముక్కలు' అని మొదలైన ప్రసంగం గంట మించింది. చెప్పడానికి అతని దగ్గర ఏమీ లేదు. ఏమీ లేనిదానికి అంతం ఉండదు. నడుమ నడుమ సన్మానాలు. ఒక సంఘం వస్తుంది, శాలువా కప్పుతుంది, ఫొటో దిగుతుంది. అతను ఆ శాలువాను తీసి వెనక్కి, ఆంప్లిఫైయర్ మీదికి విసురుతాడు.

"సారూ, దాని ఎనుక జాలీ ఉంటది. గాలాడాలె," అంది నీలి.

"ఏం గాదు పిల్లా! శాలువా గప్పితే దానికి గూడ గౌరవమే."

వేదిక మీదివాళ్ళు నవ్వారు. అతని మాటకు నవ్వడమే వాళ్ళ ఉద్యోగం. ఆ ఒక్క ఉద్యోగానికే సమ్మె లేదు.

పన్నెండో శాలువా పడ్డాక మైకు మూగబోయింది.

విక్రమ్‌రావు దాన్ని రెండుసార్లు చరిచి, గర్జించాడు. "కరెంటు గోసిండ్రు! మన గొంతు నొక్కనీకె కుట్ర జేసిండ్రు! నడువుండ్రి సబ్‌స్టేషన్‌కు!"

పక్కనున్న టేబుల్‌ఫ్యాను అతని కండువాను ఎగరేస్తూనే ఉంది. ఆ గాలిలోనే అతను కరెంటు లేదన్నాడు. ఆ గాలిలోనే అనుచరులు జై కొట్టారు. నిమిషంలో వేదిక ఖాళీ.

"ఫ్యాను తిరుగుతాంది గద బిడ్డా!" అంది ముందు వరుసలోని ముసలి ఓదెమ్మ.

"గది గూడ కుట్రనేనేమో అవ్వా," అంది నీలి.

ఆమె వైరు మార్చి చూసింది. కాదు. ఫ్యూజు తీసి వెలుతురుకు పట్టింది. లోపలి తీగ తెగలేదు. శాలువాల కిందికి చేయి పోనిచ్చి చప్పున వెనక్కి లాక్కుంది. ఆంప్లిఫైయర్ వీపంతా పెనంలా కాలుతోంది. శాలువాలన్నీ లాగి నేలమీద పారేసింది. ఖాళీ కుర్చీకి విసురుతున్న ఫ్యానును జాలీవైపు తిప్పింది.

ఆటో హారన్ మోగింది.

"పోదమా బిడ్డా?" అంది తల్లి రామి.

"జర ఆగు యాడీ. ఎక్కువ కాగితే తనంతట తనే ఆగుతది. సల్లబడితే మళ్ళ లేస్తది. గా తెలివి మనుషులకే లేదు."

నాలుగుకు పది నిమిషాలుండగా ఆంప్లిఫైయర్ మీది ఎర్రదీపం వెలిగింది. నీలి మైకు పీకేసి గిటారు తగిలించింది. ధ్వనిని అడుగంటా తగ్గించి, మెల్లమెల్లగా పెంచింది. తీగ పలికింది. వెనువెంటనే గొంతు కలిసింది. తండా ఆడవాళ్ళు చప్పట్లతో తాళం పట్టారు.

మొదటి చరణం ముగిసేసరికి విక్రమ్‌రావు చెమటలతో తిరిగొచ్చాడు. కరెంటు పోనేలేదని లైన్‌మన్ చెప్పిన మాటను అక్కడే వదిలేసి వచ్చాడు.

"దిగొచ్చిండ్రు! మన దెబ్బకు కరెంటిచ్చిండ్రు! ఏ పిల్లా, ఆపు! విజయం ప్రకటించాలె!"

నీలి తీగలు మీటుతూనే ఉంది.

"గెలిచినవు గద నాయినా," అంది ఓదెమ్మ, చాప మీద జరిగి చోటిస్తూ. "ఇగ గూసో."

కూర్చోక తప్పలేదు. అతను విన్నాడో లేదో ఎవరూ చూడలేదు. నీలి రెండో చరణం ఎత్తుకుంది. ఆటోవాడు తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు.