డబ్బా పంపనన్న పాట

పొద్దున దేవుడికి దీపం పెట్టి వచ్చి, టీవీ పక్కనున్న నల్ల డబ్బా మీద దుమ్ము తుడుస్తున్నాను. మా ఆయన వెంకన్న కుర్చీలోంచి లేవకుండానే, "వైర్లు కదిలియ్యకు నవనీతా" అన్నాడు.

మా ఇంటి ఫొటోలు, వీడియోలు అన్నీ ఆ డబ్బాలోనే ఉంటాయి. ఇంట్లో ఏ ఫోన్లోనైనా, టీవీలోనైనా చూసుకోవచ్చని ఆయన షాద్‌నగర్ నుంచి కొనుక్కొచ్చాడు. దాని లెక్కలో ఆయన యజమాని. భజనలు చూసుకునే మా అత్తమ్మ కుటుంబ సభ్యురాలు. నేను అతిథిని. పొరపాటున ఏదైనా పోగొడతానని అలా పెట్టాడట. రోజూ దుమ్ము దులిపే అతిథి ఎక్కడైనా ఉంటుందా అనుకున్నాను గాని, ఎన్నడూ అడగలేదు.

ఆ రోజు దానితో నాకే పని పడింది. అమ్రాబాద్‌లో మా అక్క కూతురు ప్రవళిక పెళ్లి. మా పుట్టింటి ఆడపిల్లల పెళ్లికి పసుపు దంచేటప్పుడు మా అమ్మ పుల్లమ్మ పాట అందుకున్నాకే రోట్లో మొదటి పోటు పడేది. ఇప్పుడు అమ్మ లేదు. అక్కకు పాట రాదు. అమ్మమ్మ పాట పంపు చిన్నమ్మా, నేర్చుకుంటామని ప్రవళిక ఫోన్ చేసింది. అమ్మ పాడుతుండగా తీసింది నా పెళ్లి వీడియో ఒక్కటే.

పంపబోతే డబ్బా ఒప్పుకోలేదు. ఇందులోని పాట మీద హక్కులు వేరేవాళ్లవి, ఇంటి బయటికి పంపడం కుదరదని తెర మీద చూపింది. అమ్మ పాట వేరేవాళ్లది ఎట్లా అయిందో నాకు అర్థం కాలేదు.

మా ఆయన నవ్వాడు. వీడియో తీసిన గుర్వయ్య దాని మీద సినిమా పాట పెట్టాడు గదా, అలాంటివి ఊరికే పంచుకోకుండా డబ్బా కంపెనీ వాళ్లు తాళం వేస్తారని చెప్పాడు.

"మరి మా అమ్మ గొంతు?"

"ఆడోళ్లు రోలు కాడ పాడేది ఎవలు ఇంటరని నేనే పెట్టుమన్న."

ఎంత మామూలుగా అన్నాడో. టీవీ ముందు కూర్చుని ఆ వీడియో పెట్టుకున్నాను. అమ్మ రోకలి ఎత్తి పాడుతోంది. వినిపించేది ఇంకెవరి పాటో. ఒకరి పాటను ఇంకొకరు దొంగిలించకూడదన్న నియమం నాకు న్యాయంగానే తోచింది. కాని అమ్మ గొంతును కప్పేసిన రోజు ఏ తాళమూ అడ్డు పడలేదేం? ఇన్నేళ్లూ ఈ వీడియో చూసి చీరలు బాగున్నాయనుకున్న నేను మాత్రం ఏం విన్నాను? మళ్లీ మళ్లీ వెనక్కి తిప్పి చూశాను. అమ్మ పెదవులు కదిలిన చోటల్లా నా పెదవులూ కదిలాయి. పసుపుకొమ్మును బిడ్డా అని పిలిచే చరణం నోటికి వచ్చింది. దాని వెనుకే ఇంకొకటి.

పొయ్యి మీద పప్పు అడుగంటింది. అత్తమ్మ తిట్టడానికే వచ్చినట్టుంది. తలుపు దగ్గర ఆగి కాసేపు విన్నది.

"గట్ల సాగదియ్యకు. పుల్లమ్మ వదినె గాడ విరిచి పాడేది" అని, తానే ఒక వరుస పాడి చూపించింది.

మర్నాడే బయలుదేరతానంటే మా ఆయన, పెళ్లికి ఇంకా టైముంది గదా, వండేదెవరన్నాడు.

"నువ్వే" అన్నాను. అత్తమ్మ నా సంచి తెచ్చి నా ముందు పెట్టింది. అదే నాకు చాలు.

అమ్రాబాద్‌లో రోకలి అందుకుని నేనే పాట ఎత్తుకున్నాను. మొదటి చరణం సన్నగా వచ్చింది. రెండోదానికి అక్క గొంతు కలిపింది. తర్వాత వాకిట్లో ఉన్న ఆడవాళ్లందరూ అందుకున్నారు. పాట అయ్యేదాకా ప్రవళిక ఫోన్‌లో వీడియో తీస్తూనే ఉంది.

"దీని కింద ఎవరి పాటని రాయాలె చిన్నమ్మా?"

"పుల్లమ్మ పాట, పాడింది నవనీత అని రాయి" అన్నాను. "ఎవలడిగినా పంపు. మీద మాత్రం ఏం పెట్టనియ్యకు."